తడి ఎక్కడున్నదో ముందు చూడాలి



ఈసారి నేను సంధులను గురించి గాని, సమాసాలను గురించి గాని వ్రాయబోవడం లేదు. నా మోటారు సైకిలును గురించి వ్రాయదలచుకున్నాను. తెలుగు అయ్యవారికి కార్బరేటరుతో పని యేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేనూ చాలాకాలం అట్లే అనుకున్నాను. కాని ఒక చలికాలపు ఉదయం మా బడి వంటగది ప్రక్కన తప్పిపోయిన ప్రమాదమొకటి నా ఆలోచనను మార్చింది. ఓపికతో చివరి వరకు చదవండి. మీ ఇంటి బండికి పనికివచ్చే సంగతులు కొన్ని, మీ తరగతికి పనికివచ్చే సంగతి ఒకటి ఇందులో ఉన్నాయి.

మాది బళ్ళారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఎల్లలు మారినా మా ఇళ్ళలో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం, బడిలో రెండూ. నేను టి.సి.హెచ్. శిక్షణ ముగించుకొని ఉద్యోగంలో చేరిన నాటి నుండి తెలుగు మాధ్యమపు పిల్లలకే పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు నాకు యాభై నాలుగేళ్ళు. నగరంలోని మా ఇంటి నుండి హగరి ఒడ్డున ఉన్న పల్లె బడికి ఇరవై రెండు కిలోమీటర్లు. బస్సు వేళలు బడి వేళలకు కుదరవు గనుక 2004లో కొన్న నూరు సి.సి. బండియే నాకు ఆధారం.

బళ్ళారి అంటే ఎండల ఊరని అందరికీ తెలుసు. ఇక్కడ చలి ఏమిటని బయటివారు అడుగుతారు. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున నల్లరేగడి పొలాల మధ్య ప్రయాణం చేసినవారికి ఆ చలి తెలుస్తుంది. హిమాలయాల చలి కాకపోవచ్చు. ఇరవై ఏళ్ళు నడిచిన బండిని మొరాయింపజేయడానికి మాత్రం అది చాలు.

నా బండికి రెండు జబ్బులు ఉండేవి. ఉదయం పది, పదిహేను కిక్కులు కొట్టనిదే స్టార్టు అయ్యేది కాదు. అయినా చోక్ వదలగానే ఆగిపోయేది. ఇది మొదటిది. నిలిపిన చోట నేలపై అరచేయంత పెట్రోలు మరక కనిపించేది. ఇది రెండవది. నేను చేసిన వైద్యమూ రెండు రకాలే. స్టార్టు కాకపోతే చోక్ పూర్తిగా లాగి మరింత బలంగా తన్నేవాడిని. కారుతుంటే స్పానరుతో కార్బరేటరు మీద రెండు దెబ్బలు వేసేవాడిని. కారడం ఆగేది. నా వైద్యం ఫలించిందని సంతోషించి బయలుదేరేవాడిని. రెండు రోజులకు మళ్ళీ అదే కథ. ప్రార్థన ముగిసిన తరువాత బడికి చేరిన రోజులు ఆ చలికాలంలో ఎన్నో ఉన్నాయి.

2024 డిసెంబరులో ఒకనాడు అట్లే ఆలస్యంగా వచ్చి, తొందరలో బండిని సైడు స్టాండు వేసి వంటగది గోడ ప్రక్కన నిలిపి తరగతిలోకి వెళ్ళాను. అరగంట గడిచింది. అక్షర దాసోహ వంటమ్మ వాకిలి దగ్గరకు వచ్చి, "సార్, పెట్రోలు వాసన వస్తా ఉండాది. మీ బండేనేమో చూడండి. నేను పొయ్యి ముట్టించకుండా సిలిండరు కట్టేసి వచ్చినాను" అన్నది.

వెళ్ళి చూద్దును గదా, బండి క్రింద నుండి సన్నని ధార గచ్చు వాలున వంటగది గడప వైపు పారి ఉన్నది. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. పైకి పోదు, నేలను అంటుకొని పారుతుంది. చలిగా ఉన్నదని ఊరుకోవడానికీ లేదు, సున్నాకు నలభై డిగ్రీలు క్రింద కూడ నిప్పు తగిలితే అంటుకొనగల ఆవిరి దాని నుండి లేస్తుంది. గోడకు అవతల రెండు గ్యాసు పొయ్యిలు, ఇవతల తరగతుల నిండ పిల్లలు. బండిని మైదానంలోకి నెట్టి, ధార మీద పొడి ఇసుక పోసి, వంటగది తలుపులు కిటికీలు తెరిపించి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే పొయ్యి ముట్టించమన్నాను. ఆ రోజు అన్నం గంట ఆలస్యమయింది. పిల్లలు ఆకలి అన్నారు గాని, ఎందుకు ఆలస్యమో వారికి చెప్పే ధైర్యం నాకు చాలలేదు. ఆమె ముక్కు, ఆమె బుద్ధి ఆనాడు మమ్మల్ని కాపాడినవి.

సాయంత్రం పెట్రోలు కాక్ మూసి, బండిని నడిపించుకుంటూ కూడలిలోని మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను. అంతకు ముందు నేను ఆ షెడ్డుకు పోయేవాడిని కాను. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. ఆ షెడ్డు నడిపేవాడు నా పాత విద్యార్థి. తొమ్మిదవ తరగతిలో బడి మానేశాడు. వాడి తెలుగు పుస్తకం నిండ నేను పెట్టిన ఎర్ర సున్నాలు, అడుగున నేను వ్రాసిన "శ్రద్ధ లేదు, కన్నడం కలుపుచున్నాడు" అన్న వాక్యం నాకు ఇంకా గుర్తున్నవి.

"ఏమప్పా, బాగున్నావా?" అన్నాను.

"బాగుండాను సార్. కూచోండి. ఏమంటాది బండి?"

"కార్బరేటరు చెడిపోయింది. కొత్తది వేసెయ్యి, ఎంతైనా ఇస్తాను."

"చెడిపోయిందని ఎట్ల చెప్తారు సార్? ముందు తడి యాడుండాదో చూద్దాం" అన్నాడు.

పాత గుడ్డతో కార్బరేటరును, పైపును, ట్యాంకు అడుగును పొడిగా తుడిచాడు. బండిని నడిమి స్టాండు మీద నిలిపి, కాక్ తెరచి, ఎదురుగా గొంతుక్కూర్చొని ఊరకే చూస్తూ ఉన్నాడు. రెండు నిమిషాలు స్పానరు ముట్టలేదు. ఆ రెండు నిమిషాలలో వాడు చెప్పిన మాటలను నా భాషలో మీకు అందిస్తున్నాను.

పెట్రోలు కారగల చోట్లు ముఖ్యంగా నాలుగు. కాక్ దగ్గర తడి కనిపిస్తే దాని వాషరు అరిగినట్లు. పైపు కొసన కనిపిస్తే పైపు పగిలినదో, క్లిప్పు వదులైనదో. కార్బరేటరు పై భాగానికి, అడుగు కప్పుకు నడుమ కనిపిస్తే అక్కడి రబ్బరు రింగు గట్టిపడినట్లు. ఈ మూడూ కాక క్రిందికి వ్రేలాడే ఓవర్‌ఫ్లో పైపు నుండి కారితే, జబ్బు కప్పు లోపల ఉన్నట్లు. నా బండిలో ఓవర్‌ఫ్లో పైపు కొసన చుక్క నిలిచింది, రాలింది, మరొకటి నిలిచింది.

"మిద్దె మీద నీళ్ళ ట్యాంకులో బంతి ఉంటాదే సార్, ఇదీ అంతే" అన్నాడు. ట్యాంకులో నీరు పెరిగితే బంతి పైకి తేలి నీటిదారిని మూస్తుంది. కార్బరేటరు కప్పులోనూ తేలే బుడ్డ ఒకటి ఉన్నది. దానినే ఫ్లోట్ అంటారు. పెట్రోలు తగిన మట్టానికి రాగానే ఫ్లోట్ పైకి లేచి, నీడిల్ అనే చిన్న సూదిమొనను రంధ్రంలోనికి నెట్టి దారి మూస్తుంది. మొన సరిగా కూర్చోకపోతే పెట్రోలు మట్టం మీరి, ఓవర్‌ఫ్లో పైపు ద్వారా బయటికి పోతుంది. కొన్నిసార్లు ఇంజనులోనికే చేరుతుంది.

అది కూర్చోకపోవడానికి కారణాలు మళ్ళీ కొన్ని. మొన క్రింద నలక పడవచ్చు. మొన అరిగి దాని చుట్టూ గాడి పడవచ్చు. ఫ్లోట్‌కు చిల్లి పడి లోపలికి పెట్రోలు చేరి బరువెక్కవచ్చు. వాడు కప్పు విప్పి అందులోని పెట్రోలును గాజు సీసాలో పట్టాడు. అడుగున ఎర్రని తుప్పు పొడి, కొద్దిగా నీరు. ఫ్లోట్‌ను నా చెవి దగ్గర ఆడించాడు, లోపల చప్పుడు లేదు. వేడి నీటిలో ముంచి పట్టుకున్నాడు, బుడగ రాలేదు. అంటే చిల్లి లేదు. నీడిల్‌ను నా చేతికిచ్చి గోటితో తాకి చూడమన్నాడు. మొన చుట్టూ గీత తగిలింది.

నేను స్పానరుతో కొట్టినప్పుడు కారడం ఎందుకు ఆగేదో అప్పుడు బోధపడింది. దెబ్బకు నలక కాస్త ప్రక్కకు జరిగి, నీడిల్ కొంతసేపు కూర్చొనేది. అంతే. నలకా పోలేదు, గాడీ పోలేదు.

రబ్బరు రింగు కూడ గట్టిపడిందని చూపించాడు. రెండూ ఒకేసారి మార్చమన్నాను. "వద్దు సార్. ఒకటి మార్చి చూడాల. రెండూ మారిస్తే ఏది తప్పో మనకు తెలీదు" అన్నాడు. మొదట నీడిల్ మాత్రమే మార్చి, పాత రింగుతోనే బిగించి, కాక్ తెరచి పావుగంట చూశాడు. ఓవర్‌ఫ్లో పైపు పొడిగా ఉన్నది. ఆ తరువాత విప్పి రింగు మార్చాడు.

"చలి స్టార్టింగు సంగతి?" అన్నాను.

"అది ఇప్పుడు చూస్తే తెలీదు సార్. రాత్రి కాక్ మూసి బండి ఈడనే పెట్టిపోండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడాల."

మరునాడు మొదటి బస్సుకు కూడలిలో దిగాను. ఆరున్నర అయింది. నోటి నుండి ఆవిరి వస్తున్నది. వాడు ముందుగా ప్లగ్ విప్పి చూశాడు. ఎంత తన్నినా స్టార్టు కానప్పుడు ప్లగ్ పొడిగా ఉంటే ఇంజనుకు పెట్రోలు చేరడం లేదని అర్థం. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువయిందనో, నిప్పురవ్వ సరిగా లేదనో అర్థం. ఇన్నాళ్ళూ నా బండిలో రాత్రంతా పెట్రోలు ఇంజనులోనికి కారి ప్లగ్‌ను తడిపేది. తెల్లవారి నేను దాని మీద చోక్ కూడ లాగి మరింత పెట్రోలు పోసేవాడిని. మునిగిపోతున్నవాడికి నీళ్ళు త్రాగించినట్లు. అట్లు మునిగిన ఇంజనును లేపాలంటే చోక్ మూసివేసి, యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పి పట్టుకొని నాలుగైదు కిక్కులు కొట్టి ఆ తడిని వెళ్ళగొట్టాలి. నేను చేసినది దానికి సరిగా విరుద్ధం.

నీడిల్ మారింది గనుక ఆ రోజు ప్లగ్ పొడిగానే ఉన్నది. చోక్ లాగి కొడితే రెండవ కిక్కుకు స్టార్టయింది. చోక్ వదలగానే ఆగింది. "ఇది ఇంకో జబ్బు సార్, స్లో జెట్టుది" అన్నాడు. బండి నిలకడగా, నెమ్మదిగా తిరగడానికి కావలసిన పెట్రోలును ఇచ్చే సన్నని ఇత్తడి గొట్టమది. రంధ్రం వెంట్రుకవాసి. కప్పులో చూసిన తుప్పు పొడియే అక్కడా సగం అడ్డుపడి ఉన్నది. దానిని గాలి కొట్టి శుభ్రం చేశాడు. ఇనుప తీగ దూర్చితే ఇత్తడి మెత్తన గనుక రంధ్రం పెద్దదై, జెట్టు శాశ్వతంగా పాడవుతుందని హెచ్చరించాడు. చివరకు ట్యాంకు దించి కడిగి, పైపులో కొత్త ఫిల్టరు వేశాడు. పొడి వచ్చేది అక్కడి నుండి. అక్కడ ఆపకపోతే కొత్త నీడిల్ క్రిందకూ మళ్ళీ వస్తుంది.

చలిలో చోక్ ఎందుకు కావాలో మీ పిల్లలు అడిగితే ఇట్లు చెప్పండి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. అయితే పెట్రోలు ఆవిరియై గాలిలో కలిస్తేనే చక్కగా మండుతుంది. చలిలో కొంత భాగం ఆవిరి కాక చుక్కలుగా గోడలకు అంటుకొంటుంది. చోక్ లాగితే గాలిదారి ఇరుకై పెట్రోలు పాలు పెరుగుతుంది, ఆవిరి అయినంత భాగమే మంటకు సరిపోతుంది. ఇంజను వేడెక్కిన తరువాత చోక్ వదలకపోతే ప్లగ్ మసిబారుతుంది.

ఇంకొక మాట. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాలు ఆవిరి కావడానికి పెట్రోలు కంటె ఎక్కువ వేడి కావాలి. అది తేమను పీల్చుకుంటుంది. దానికి తగినట్లు చేయని పాత రబ్బరు భాగాలు త్వరగా చెడతాయి. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 నియమాలు వచ్చిన తరువాత కొత్త బళ్ళలో కార్బరేటరు స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. చలిని బట్టి పెట్రోలును అదే సరిచూసుకుంటుంది. మా పల్లెలలో మాత్రం కార్బరేటరు బళ్ళు ఇంకా ఎన్నో తిరుగుతున్నవి. వాటిని నడిపేవారు రాత్రి కాక్ మూయడం, నెలల తరబడి కదలని బండి కప్పులోని పెట్రోలు తీసివేయడం, పైపులను ఏటా ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యంగా, పెట్రోలు వాసన వచ్చే బండిని ఇంట్లో, పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఒక్క నిమిషమైనా నిలపకండి.

ఇక నేను చెప్పదలచిన అసలు సంగతికి వస్తున్నాను.

డబ్బు ఇవ్వబోతే వాడు లెక్కల పుస్తకం తీసి నా వస్తువులు వ్రాసుకున్నాడు. తెలుగులోనే వ్రాసుకున్నాడు. నేను అలవాటు కొద్దీ తొంగిచూశాను. "దర", "కర్చు", "పాత కాతా" అని ఉన్నవి. పేజీ త్రిప్పి చూపమన్నాను, నవ్వుతూ ఇచ్చాడు. నాలుగు పేజీలు చదివాను. దీర్ఘాలు సరిగా ఉన్నవి. ఒత్తక్షరాలు సరిగా ఉన్నవి. నీడిల్, జెట్టు, గ్యాస్కెట్టు వంటి మాటలు కూడ తడబాటు లేకుండ వ్రాశాడు. తప్పులన్నీ ఒక్క చోటనే. ఖ, ఘ, థ, ధ, భ. ఈ మహాప్రాణాలు తప్ప వాడికి రానిది ఏదీ లేదు.

నిలబడిన చోటనే నాకు మరొకటి తట్టింది. ఆ అక్షరాలన్నీ కన్నడంలోనూ ఉన్నాయి. "ఖర్చు" అక్కడా ఖకారమే. మరి కన్నడం కలపడం వలన తప్పు వచ్చిందని నేను ఎట్లు నిర్ణయించాను? వాడి ఇంటి మాటలో ఆ ధ్వనులు వినిపించవు. విననిదానిని వ్రాయలేకపోయాడు. నెల రోజులు ఆ పది అక్షరాలను పలికించి వ్రాయించి ఉంటే తీరిపోయే లోపం. నేను పేజీ అంతా ఎరుపు చేసి, తడి ఎక్కడున్నదో చూడకుండ, కార్బరేటరే చెడిపోయిందని తీర్పు వ్రాశాను. వాడు బడి మానడానికి ఇంటి ఇబ్బందులు కూడ ఉన్నవి, నిజమే. ఆ ఇబ్బందుల మీద నా ఎర్ర సున్నాలు ఎంత బరువు వేశాయో నేను ఎన్నడూ అడగలేదు. ఆనాడు కూడ అడగలేకపోయాను.

అప్పటి నుండి నా దిద్దుబాటు మారింది. మొదట పుస్తకాన్ని ఎరుపు సిరా లేకుండ చదువుతాను. తప్పులను రకాలుగా విడదీస్తాను. దీర్ఘమా, ఒత్తా, మహాప్రాణమా, ళకారమా, విభక్తియా? చూసి వ్రాసినప్పుడు రాని తప్పు, విని వ్రాసినప్పుడు వస్తే లోపం చెవి దగ్గర. నల్లబల్ల చూసి వ్రాసినప్పుడు మాత్రమే వస్తే కన్ను దగ్గర. ఒక్కొక్క రకాన్ని పదిహేను రోజులు పట్టించుకొని, మిగిలినవాటిని అంతవరకు ముట్టను. చాలామంది పుస్తకాలలో, పేజీ నిండ కనిపించే తప్పులకు మూలం ఒకటో రెండో చోట్లే ఉంటున్నది.

పాత కార్బరేటరు ఒకటి పెట్రోలు చుక్క లేకుండ కడిగి ఆ అబ్బాయే బడికి ఇచ్చాడు. ఎనిమిదవ తరగతి పిల్లలు దానిని విప్పి, బిగించి, "ఇది ఎట్లు పనిచేయును?" అన్న వ్యాసం వ్రాశారు. విజ్ఞాన పాఠంలోని ఉత్ప్లవనం, బాష్పీభవనం అన్న మాటలు ఆనాడు వారి వ్యాసాలలోకి తమంతట తామే వచ్చినవి. ఎన్నడూ నాలుగు వాక్యాలు దాటని పిల్లవాడొకడు రెండు పేజీలు వ్రాసి, బొమ్మ కూడ గీశాడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. "మా వాడికి తెలుగు రావడం లేదు, మాధ్యమం మార్పిస్తాము" అని వచ్చేవారు ప్రతి జూన్‌లోనూ ఉంటారు. మార్చుకొనే హక్కు మీది. మార్చే ముందు పుస్తకం తెచ్చి నా ఎదుట, లేదా మీ ఊరి అయ్యవారి ఎదుట కూర్చోండి. ఏది రాలేదో కలిసి చూద్దాము. అది తెలియకుండ మారిస్తే, పాత పొడియే క్రొత్త జెట్టులోకీ చేరుతుంది.

బండి ఇప్పుడు రెండవ కిక్కుకు స్టార్టవుతున్నది. దానిని వంటగది గోడకు దూరంగా, వేపచెట్టు క్రింద నిలిపి, కాక్ మూసి, నేల చూసి లోపలికి పోతున్నాను.

మొన్న ఆయిలు మార్పించడానికి షెడ్డుకు పోయినప్పుడు, మహాప్రాణాలతో వచ్చే యాభై మాటలు ఒక కాగితం మీద వ్రాసి తీసుకుపోయాను. "ఇప్పుడా సార్!" అని పకపక నవ్వాడు గాని, కాగితాన్ని మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాడు. పోయిన వారం చీటీ వ్రాసిచ్చాడు. అందులో "ఖర్చు" అని ఉన్నది. ప్రక్కనే "దర" అని ఉన్నది.

ఒకటి మారింది. రెండవది తరువాత చూద్దాము.